సమస్యాపూరణం: విషము గ్రోలి వాగ్మి విజయ మందె

కవిమిత్రులకు నమస్కారం. ఈ ఆటవెలది పాదాన్ని ఏథెన్సు వాగ్మి డెమోస్తనీసు (క్రీ.పూ. 384–322) జీవితానికి అన్వయించి పూరించవలసిందిగా కోరుతున్నాను. ఆయన ఏళ్ల తరబడి ఎదిరించిన మాసిడోనియా రాజ్యమే క్రీ.పూ. 338లో కైరోనియా యుద్ధంలో గెలిచింది. చివరకు ఆయన విషం తాగి మరణించాడు. అటువంటి వానికి విజయం ఎక్కడిదో చెప్పడమే ఇక్కడి చిక్కు.

మొదటి పూరణ:

శత్రు భటులు చుట్ట సాగరేశుని గుడిన్
గలముఁ గొఱుకునట్లు గరళ మాని
పగఱ చేతఁ బడక ప్రాణముల్ విడిచెను
విషము గ్రోలి వాగ్మి విజయ మందె.

అమ్మా, మీ పూరణ బాగున్నది. డెమోస్తనీసు తలదాచుకొన్న కాలౌరియా ద్వీపంలోని సముద్రదేవుడు పొసైడన్ ఆలయానికి, ఆయనను పట్టుకోవడానికి, ఒకప్పటి నటుడైన ఆర్కియాసు మాసిడోనియా సైనికులతో వచ్చినప్పుడు, డెమోస్తనీసు ఇంటివారికి నాలుగు మాటలు వ్రాసేవరకు ఆగమని చెప్పి లోపలికి వెళ్లి, వ్రాసే ముందు ఆలోచించుకొనేటప్పటి అలవాటు ప్రకారమే రెల్లు కలాన్ని (విషం అందులోనే ఉందట) కొరికి అలాగే ఉండిపోయాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్కు వ్రాశాడు. ద్వారం దగ్గరి సైనికులు అది పిరికితనమని నవ్వారట. ఆ అలవాటును మీరు చక్కగా పట్టుకున్నారు. అయితే 'గరళ మాని' అన్నాక మళ్లీ 'విషము గ్రోలి' అనడం పునరుక్తి. 'గలముఁ గొఱుకునట్లు కదలకుండ' అంటే దోషం తొలగుతుంది, యతీ చెడదు.

రెండవ పూరణ:

నాలుక తడబడఁగ నవ్విరి జనులెల్ల;
గులకరాళ్లు నోటఁ గూర్చి చదివె;
హెచ్చి మిన్ను ముట్టు హేళనోక్తు లనెడి
విషము గ్రోలి వాగ్మి విజయ మందె.

ఆర్యా, విషాన్ని అవమానంగా మలచిన తీరు ఎంతో నచ్చింది. ఏడేళ్లకే తండ్రిని పోగొట్టుకొని, ఆస్తిని కాజేసిన సంరక్షకులపై ఇరవయ్యేళ్లకే న్యాయస్థానంలో తానే వాదించినవానికి ఈ ఓర్పు తగినదే. అభినందనలు.

మూడవ పూరణ:

కంచు విగ్రహముగఁ గాలూనె నేథెన్సు
సంతపట్టు నడుమ శాశ్వతముగ;
రోము వక్త తనకు రూఢిగా గురు వనె;
విషము గ్రోలి వాగ్మి విజయ మందె.

ఆర్యా, సమస్యలోని చిక్కును సూటిగా విప్పినది మీ పూరణయే. క్రీ.పూ. 280లో శిల్పి పాలియుక్టోసు చేసిన కంచు విగ్రహాన్ని ఏథెన్సు సంతపట్టయిన అగోరాలో నిలిపి, నీ బుద్ధికి సాటి వచ్చే బలమే ఉండి ఉంటే మాసిడోనియా గ్రీకులను ఏలేది కాదన్న అర్థంలో దానిపై శాసనం చెక్కించారు. ఓడిన నగరమే ఆయన మాట సరైనదని ఒప్పుకోవడం కంటే వేరే విజయం ఏముంటుంది? రోము వక్త సిసెరో కూడా రోము నాయకుడు ఆంటోనీని ఖండించిన తన ప్రసంగాలను, డెమోస్తనీసు మాసిడోనియా రాజు ఫిలిప్పుపై చేసిన ప్రసంగాల పేరుతోనే 'ఫిలిప్పిక్కులు' అన్నాడు కనుక మూడవ పాదం యుక్తమే. కాని 'శాశ్వతముగ' అనడం కుదరదు. ఆ కంచు విగ్రహం నేడు లేదు, రోమన్ల కాలపు పాలరాతి ప్రతులే మిగిలాయి. 'సంతపట్టు నడుమఁ జావు పిదప' అని సవరించవచ్చు.

డెమోస్తనీసుకు బంగారు కిరీటమిచ్చి సత్కరించాలన్న ప్రతిపాదనపై క్రీ.పూ. 330లో నడిచిన కిరీటం వ్యాజ్యాన్ని ఇంతవరకు ఎవరూ ముట్టలేదు. ప్రత్యర్థి ఈస్కినీసు అయిదవ వంతు ఓట్లైనా పొందలేక ఏథెన్సునే విడిచి వెళ్లిన ఆ ఘట్టంపై పూరణలను కోరుతున్నాను.