పాత బీ450 బోర్డు మీదే అప్‌గ్రేడ్ చేయాలా, ఏఎమ్5కి మారిపోవాలా?

కడప_పిక్సెల్

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో అద్దెకుంటున్నాను. 2020లో ఎస్పీ రోడ్డులో (ఇక్కడి కంప్యూటర్ సామాన్ల బజారు) ఒక షాపువాళ్ళు బిగించిచ్చిన పీసీ ఉంది: రైజెన్ 5 3600 ప్రాసెసర్, ఏఎమ్4 సాకెట్ ఉన్న బీ450 బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్కులు రెండు, 6 జీబీ ఆర్‌టీఎక్స్ 2060 గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై). ఇన్నాళ్ళూ 1080పీ మానిటర్ మీద హాయిగా ఆడుకున్నాను. మొన్న 27 అంగుళాల 1440పీ, 165 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను, సుఖం అక్కడితో పోయింది. సైబర్‌పంక్ 2077లో జనం ఎక్కువున్న వీధుల్లో సెకనుకి 40 ఫ్రేములు రావడమే గగనం.

లక్షా పదివేలు పక్కన పెట్టాను. రూమ్మేట్ ఏమో బోర్డుతో సహా అన్నీ పీకేసి ఏఎమ్‌డీ కొత్త సాకెట్ ఏఎమ్5కి, దానికి కావాల్సిన డీడీఆర్5 ర్యామ్‌కి వెళ్ళమంటాడు. ఆఫీసులో సీనియర్ ఒకాయన గ్రాఫిక్స్ కార్డు మార్చి ఊరుకోమంటారు. ఇద్దరూ గట్టిగానే చెప్తున్నారు. "ఇంకో యాభై వేలు వేసుకుంటే..." అనే సలహా మాత్రం వద్దు, ప్లీజ్.

మారతహళ్ళి_మదర్‌బోర్డ్

నీ రూమ్మేట్‌దే కరెక్ట్. ఏఎమ్4 సాకెట్ 2016 నాటిది. ఇక దాని మీద పెట్టే ప్రతి రూపాయీ వెనక్కి రాని రూపాయే. బీ450లో గ్రాఫిక్స్ స్లాట్ పీసీఐఈ 3.0 మాత్రమే, అంటే కార్డుకి డేటా వెళ్ళే దారి పాత తరానిది. డీడీఆర్4 స్టిక్కు రేపు ఏఎమ్5 బోర్డులో కూర్చోదు. అదే ఏఎమ్5 అయితే 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎమ్‌డీ బహిరంగంగానే చెప్పింది. ఇవాళ చిన్న ప్రాసెసర్ పెట్టుకున్నా మూడేళ్ళ తర్వాత అదే బోర్డులో పెద్దది వేసుకోవచ్చు.

ఇంకో మాట. ముక్కముక్కగా మారిస్తే పాత సామాను కూడా ముక్కముక్కగానే అమ్ముకోవాలి. ఒక్క 2060 పట్టుకుని ఎస్పీ రోడ్డుకి వెళ్ళి చూడు, వాళ్ళు చెప్పే ధరకి ఆటో ఖర్చులు కూడా గిట్టవు. పనిచేసే పీసీ మొత్తంగా అయితే కాలేజీ పిల్లలు ఎగరేసుకుపోతారు.

ఎస్పీరోడ్_యాత్రికుడు

అన్నా, ఈ మధ్య డీడీఆర్5 ధర అడిగావా ఎక్కడైనా? 2025 చివర్నించి ర్యామ్ ధరలు ఆకాశానికెక్కాయి. చిప్పులు చేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్లకే ముందు సరుకిస్తున్నాయి, మనలాంటివాళ్ళు చివర నిలబడాలి. మైక్రాన్ అయితే తన క్రూషియల్ బ్రాండ్‌తో మామూలు కస్టమర్లకి అమ్మే వ్యాపారమే మానేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి సమయంలో పనిచేస్తున్న 16 జీబీని పక్కన పడేసి, 32 జీబీ డీడీఆర్5 కొని, ఆ మిగిలిన డబ్బులతో కార్డు కొనమంటావా? ఏం మిగులుతుందని?

లక్షా పదివేలలో బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ పోను మళ్ళీ మధ్యరకం కార్డే వస్తుంది. ఆటలో బొమ్మ గీసేది సాకెట్ కాదు.

బనశంకరి_అక్క

ఇద్దరూ ఆగండి. ఆ పీసీలో ఏది ఆగిపోతోందో తెలియకుండా ఏది మార్చాలో ఎలా చెప్తున్నారు?

తమ్ముడూ పిక్సెల్, 1080పీలో తెర మీద దాదాపు 20.7 లక్షల చుక్కలు, 1440పీలో దాదాపు 36.9 లక్షలు. అంటే కార్డు గీయాల్సిన చుక్కలు ఒక్కసారిగా 1.78 రెట్లయ్యాయి. ప్రాసెసర్ పని మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. ఆటలో మనుషుల కదలిక, ట్రాఫిక్, ఫిజిక్స్, కార్డుకి ఏం గీయాలో చెప్పడం, ఇవన్నీ తెర ఎంతున్నా ఒకటే. కాబట్టి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. సైబర్‌పంక్‌లో డీఎల్ఎస్ఎస్ (తక్కువ చుక్కలతో గీసి పెద్దది చేసి చూపించే ఎన్విడియా పద్ధతి) ఆపేసి, అదే వీధిలో అదే దారిన 1440పీలో ఒకసారి, 1080పీలో ఒకసారి, 720పీలో ఒకసారి నడువు. తగ్గించేకొద్దీ ఫ్రేములు పెరుగుతుంటే కార్డు చాలడం లేదు. ఒకచోట పెరగడం ఆగిపోతే అది నీ ప్రాసెసర్ గీసిన గీత. కొత్తగా ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా, ఆ సెట్టింగులతో ఆ గీత దాటదు.

అలాగే టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి స్పీడ్ ఎంతుందో రాయి. నాకో అనుమానం ఉంది.

కడప_పిక్సెల్

అక్కా, చేశాను. రే ట్రేసింగ్ (వెలుతురుని నిజంలా లెక్కగట్టి గీయడం) లేకుండా, హై సెట్టింగులు:

1440పీలో 41, 1080పీలో 62, 720పీలో 83. 720పీలో ఇంకా సెట్టింగులు తగ్గించినా 83 దగ్గరే ఊగుతోంది. వాలరెంట్‌లో అయితే 1440పీ, 1080పీ రెండిట్లోనూ దాదాపు ఒకటే, 200 పైనే.

మెమరీ స్పీడ్ 2133 అని చూపిస్తోంది. స్టిక్కు మీద మాత్రం 3200 అని ఉంది!

బనశంకరి_అక్క

అనుకున్నాను. నీకు బిగించిచ్చినవాళ్ళు బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేయకుండానే డబ్బా మూసేశారు. ఇన్నేళ్ళుగా 3200 కొని 2133 వాడుతున్నావు. రైజెన్‌లో లోపలి భాగాలని కలిపే దారి, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్, కూడా ర్యామ్ వేగాన్ని బట్టే నడుస్తుంది, కాబట్టి ఇది చిన్న తేడా కాదు. బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఎంచుకో, సేవ్ చేసి మళ్ళీ అదే వీధిలో నడువు. నీ 1440పీ అంకె కదలదు, 720పీ అంకె మాత్రం కదులుతుంది.

కడప_పిక్సెల్

720పీ ఇప్పుడు 94. 1440పీ అదే 41. ఫ్రీగా పదకొండు ఫ్రేములు, నా ప్రస్తుత కార్డుతో వాడుకోలేని పదకొండు ఫ్రేములు 😀

ఎస్పీరోడ్_యాత్రికుడు

ఇంకేం, తీర్పొచ్చేసింది. కార్డు మార్చు, 41 నుంచి 90 దాకా దారి ఖాళీగా ఉంది.

మారతహళ్ళి_మదర్‌బోర్డ్

తీర్పు అంత తొందరగా ఇవ్వకు బ్రో. అక్క పరీక్ష బాగుంది, కానీ అందులో రెండు చిల్లులున్నాయి.

ఒకటి, ఈ రోజుల్లో 1440పీ అంటే నిజంగా 1440పీ కాదు. డీఎల్ఎస్ఎస్ క్వాలిటీలో ఆట లోపల గీసేది 1707×960, పెర్ఫార్మెన్స్‌లో అయితే 1280×720. అంటే కార్డు బరువు దించి ప్రాసెసర్‌ని మళ్ళీ ముందుకు తోస్తున్నాం. రెండు, మనవాడు రే ట్రేసింగ్ ఆపి పరీక్షించాడు. కొత్త కార్డు కొన్నాక దాన్ని ఆన్ చేయకుండా ఎవరైనా ఉంటారా? రే ట్రేసింగ్‌కి సీన్ నిర్మాణాన్ని సిద్ధం చేసే పనిలో కొంత ప్రాసెసర్ మీదే పడుతుంది. అప్పుడు ఆ 94 కాస్తా 70కి దిగితే? పైగా సగటు అంకె చూసి సంబరపడకండి. ఆరు కోర్ల 3600 మీద మధ్యమధ్యలో వచ్చే కుదుపులు సగటులో కనపడవు, చేతికి తెలుస్తాయి. 165 హెర్ట్జ్ తెర పెట్టుకుని 70 దగ్గర కుదుపులతో ఆడటానికా ఈ ఖర్చంతా?

బనశంకరి_అక్క

రే ట్రేసింగ్ సంగతి ఒప్పుకుంటాను, అది న్యాయమైన మాటే. పిక్సెల్, 720పీలో రే ట్రేసింగ్ ఆన్ చేసి మళ్ళీ చూడు. 2060లో అది కార్డుకే భారమై సరిగ్గా తేలకపోవచ్చు, అయినా ఒక అంచనా వస్తుంది.

కానీ దానికి మందు ఏఎమ్5 ఒక్కటే కాదు. నీ బీ450లోనే, నీ డీడీఆర్4తోనే ఎనిమిది కోర్ల 5700ఎక్స్ కూర్చుంటుంది, బయోస్ అప్‌డేట్ చేస్తే చాలు. అదీ 65 వాట్లదే. గేమింగ్‌కి అసలు మొనగాడు 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ సొంత మెమరీ) ఉన్న 5800ఎక్స్‌3డీ, 2022లో వచ్చింది. దాని తమ్ముడు 5700ఎక్స్‌3డీ 2024లో వచ్చింది. కొత్తవి దొరకడం ఇప్పుడు కష్టం. సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే పిన్నులు వెలుతురులో చూసి మరీ తీసుకోవాలి.

నేననేది వరస గురించే. ముందు కార్డు. ఓ నెల ఆడు. కుదుపులు నిజంగా విసిగిస్తే అప్పుడు ప్రాసెసర్. ఏఎమ్5కి వెళ్ళాలని నీకే అనిపిస్తే అప్పుడైనా వెళ్ళు, ఆ కార్డు అక్కడా పనికొస్తుంది. ముందు బోర్డు, ర్యామ్ కొని 2060తో కూర్చుంటే ఈ రాత్రి నీ ఆట 41 దగ్గరే ఉంటుంది.

మారతహళ్ళి_మదర్‌బోర్డ్

వరస విషయంలో సరే. 5700ఎక్స్ మాత్రం వద్దంటాను. ఎక్స్‌3డీ దొరికితే తీసుకో, లేకపోతే ఆ డబ్బు ఏఎమ్5 కోసం దాచుకో. మధ్యలో ఆగితే రెండుసార్లు ఖర్చు.

కార్డు ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ వైపు పొరపాటున కూడా చూడకు. దానికి ఎనిమిది లేన్లే (డేటా దారులు) ఉంటాయి. నీ 3.0 స్లాట్‌లో అవి నాలుగో వంతు వేగంతో నడిచే ఎనిమిది లేన్లు. వీడియో మెమరీ నిండి ర్యామ్‌లోకి పొంగిందంటే ఆ ఇరుకు దారిలోనే అంతా రావాలి. 16 లేన్లు, 16 జీబీ ఉన్నది చూడు. 220 వాట్ల ఆర్‌ఎక్స్ 9070 నీ బడ్జెట్‌కి, నీ పాత బోర్డుకి సరిపోతుంది. 12 జీబీ ఆర్‌టీఎక్స్ 5070 కూడా చెడ్డదేం కాదు, నాకైతే ఆ 12 దగ్గర మనసొప్పదు.

ఎర్తింగ్_ఏకాంబరం

అందరూ ఫ్రేముల గురించే మాట్లాడుతున్నారు. 2020 నాటి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ గురించి ఒక్కరూ మాట్లాడరేం?

లెక్క ప్రకారం 220 వాట్ల కార్డుకి 550 చాలు. కానీ ఈ కార్డులు సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ సేపు తమ వాటాకి మించి కరెంటు గుంజుతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు గుంజుడుని 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలి. పాతవాటికి ఆ నిబంధన లేదు. ఆట మధ్యలో పీసీ టక్కున ఆరిపోతే జనం కార్డుని తిట్టుకుంటారు. 750 వాట్లది, ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని రాసున్నది తీసుకో. అది ఏఎమ్5కి వెళ్ళినా నీతోనే వస్తుంది.

మాడ్యులర్‌ది (కేబుళ్ళు విడిగా ఊడొచ్చే రకం) కొంటే ఒక్క మాట మర్చిపోకు: పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్ళు కొత్తదానికి పెట్టకూడదు. ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది, కానీ ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం. ఐదు వోల్టులు వెళ్ళాల్సిన చోట పన్నెండు వెళ్తే ఎస్‌ఎస్‌డీ అక్కడికక్కడే పోతుంది. కేబుళ్ళన్నీ పీకి, డబ్బాలో వచ్చినవే వాడు.

ఇక అద్దె ఇల్లన్నావు కాబట్టి అడుగుతున్నాను. కేబినెట్ ఇనుప అంచుని తాకితే వేలికి జివ్వుమంటుందా? అంటే నీ ప్లగ్గులో ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కారే చిన్నపాటి కరెంటుకి పోయే దారి లేక కేబినెట్ మీదే ఉంటుంది. మన బెంగళూరు పీజీల్లో, పాత ఇళ్ళలో ఇది మామూలే. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించమని ఓనర్‌ని అడుగు. లక్ష రూపాయల సామాను మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చి నడపొద్దు.

యూపీఎస్ 600 వీఏది అయితే అది సుమారు 360 వాట్లే. ఆట నడుస్తుండగా కరెంటు పోతే అది కూడా చేతులెత్తేస్తుంది. 1000 వీఏకి తగ్గకుండా చూసుకో.

కడప_పిక్సెల్

జివ్వుమనడం నిజమే! చలికాలం కదా, స్టాటిక్ అనుకున్నాను. ఓనర్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టాను.

కరెంటు బిల్లు సంగతి కూడా చెప్పండి. మాకు గృహజ్యోతి (కర్ణాటక ఉచిత కరెంటు పథకం) వస్తోంది.

ఎర్తింగ్_ఏకాంబరం

గోడ దగ్గర 450 వాట్లు అనుకుందాం, మానిటర్‌తో కలిపి. రోజుకి మూడు గంటలాడితే నెలకి 40 యూనిట్లు. ఇప్పటి పీసీకి 25 దాకా అవుతున్నట్టుంటుంది, కాబట్టి తేడా ఓ పదిహేను. 200 దాటితే గృహజ్యోతి పోయి మొత్తం బిల్లు కట్టాలి. నీ పాత బిల్లులు 190 దగ్గర ఉంటే గీజర్ వాడకం చూసుకో. పీసీకంటే గీజరే దొంగ.

కోలారు_కుర్రాడు

బిగించేది ఎవరు? ఇంట్లో నువ్వే చెయ్యి బ్రో. ఎక్స్‌ఎంపీ కూడా ఆన్ చేయనివాళ్ళ చేతికి మళ్ళీ ఇస్తావా?

కార్డు, ఎస్‌ఎంపీఎస్ మార్చడానికి ఒక స్క్రూడ్రైవర్, ఆదివారం మధ్యాహ్నం చాలు. శనివారమే వెళ్ళి కొనుక్కో, ఆదివారం ఎస్పీ రోడ్డులో చాలా షాపులు మూసుంటాయి. చిక్కపేట మెట్రోలో దిగి నడువు, బండి పెట్టడానికి చోటుండదు. సీరియల్ నంబర్ రాసిన జీఎస్‌టీ బిల్లు తీసుకోకుండా కదలకు. బిల్లు లేకుండా తగ్గిస్తామంటారు. ఆ తగ్గింపు వారంటీ క్లెయిమ్ రోజున తెలుస్తుంది.

తర్వాత ఎప్పుడైనా ప్రాసెసర్ మారిస్తే రెండు సంగతులు గుర్తుంచుకో. ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. కూలర్‌ని చల్లగా ఉన్నప్పుడు నిలువునా లాగితే పేస్టు అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడి చేతికొస్తుంది, పిన్నులు వంకరపోతాయి. పది నిమిషాలు ఆట ఆడి వేడెక్కించి, ఆపేసి, కరెంటు తీసేసి, కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పి అప్పుడు లేపు. రెండోది, కొత్త ప్రాసెసర్ పెట్టగానే బయోస్ ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లో తాళాలు దాచే చోటు) రీసెట్ చేయనా అని అడుగుతుంది. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కుకి తాళం) ఆన్‌లో ఉంటే ముందే రికవరీ కీ రాసి పెట్టుకో, లేకపోతే నీ డిస్కు నీకే తలుపు తీయదు. బయోస్ అప్‌డేట్ మాత్రం యూపీఎస్ మీదే.

కడప_పిక్సెల్

శనివారం వెళ్తున్నాను. 9070, 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్, 1000 వీఏ యూపీఎస్. మిగిలింది బ్యాంకులోనే ఉంటుంది, అది ఎక్స్‌3డీకా ఏఎమ్5కా అన్నది తర్వాత చూద్దాం. రూమ్మేట్ అలిగాడు.

కేబినెట్ లోపల కొలిచాను, ముందు ఫ్యాన్ దాకా 315 మిల్లీమీటర్లు. మూడు ఫ్యాన్ల కార్డులు కొన్ని 330 దాకా ఉన్నాయి. ఫ్యాన్ పీకేయాలా?

కోలారు_కుర్రాడు

పీకకు, కార్డుకి చల్లగాలి వచ్చేదే అక్కణ్ణుంచి. 300 లోపు ఉన్న మోడల్ అడుగు. షాపులో డబ్బా తెరిపించి టేపుతో కొలిచి తెచ్చుకో, సిగ్గుపడకు.

మారతహళ్ళి_మదర్‌బోర్డ్

బిగించాక రే ట్రేసింగ్ ఆన్ చేసి, డీఎల్ఎస్ఎస్ బదులు ఏఎమ్‌డీ వాళ్ళ ఎఫ్ఎస్ఆర్ పెట్టి అంకెలు ఇక్కడ వెయ్యి. 70 దాటకపోతే ఏఎమ్5 చర్చ మళ్ళీ మొదలుపెడతాను.