టర్బో కారులో ఎంఏఎఫ్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచే సెన్సర్) సిగ్నల్ మార్చి గాలి-పెట్రోల్ మిశ్రమం సరిచేశాను, కానీ నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం దానంతట అదే పేలడం) ఆగట్లేదు

బూస్ట్_ప్రయాణి:
అందరికీ నమస్కారం. 2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్. 440 సీసీ ఇంజెక్టర్లు తీసి 550 సీసీవి పెట్టాను, బూస్ట్ 0.7 బార్ నుంచి 1 బార్‌కి పెంచాను. ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ముట్టుకోలేదు. ఎంఏఎఫ్ సెన్సర్ నుంచి ఈసీయూకి వెళ్లే సిగ్నల్ వైరు మధ్యలో పిగ్గీబ్యాక్ బాక్స్ పెట్టి, గాలి లెక్క 20 శాతం తక్కువగా కనిపించేలా సెట్ చేశాను. ఇంజెక్టర్ పెద్దదైన నిష్పత్తికి అది సరిపోతుందని లెక్క వేశాను.

వైడ్‌బ్యాండ్ మీటర్‌లో ఏఎఫ్ఆర్ (గాలి-పెట్రోల్ నిష్పత్తి) ఫుల్ థ్రాటిల్‌లో 11.6 నుంచి 11.8 వస్తోంది. నిదానంగా నడిపేటప్పుడు 14.7 దగ్గరే తిరుగుతోంది. అయినా మూడో గేర్‌లో 4500 ఆర్‌పీఎం దాటగానే ఇంజన్ లోపల గులకరాళ్లు కొట్టుకున్నట్టు శబ్దం. ఐడిల్ కూడా ఊగుతోంది, అక్కడ లాంగ్ టర్మ్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం సర్దుతోందో చెప్పే అంకె) మైనస్ 14 చూపిస్తోంది. ఇంకా రిచ్ (పెట్రోల్ ఎక్కువ) చేస్తే తగ్గుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

పిస్టన్99:
ముందు కాలు పైకి తీయండి. ఆ శబ్దం వస్తుండగా ఇంకో ఫుల్ థ్రాటిల్ రన్ వద్దు. బూస్ట్ పాత 0.7కి దించేసి, తర్వాత మాట్లాడుకుందాం.

వేడిగాలి:
మీ మిశ్రమం బాగానే ఉంది అన్నా. ఇబ్బంది టైమింగ్‌లో, అంటే స్పార్క్ కొట్టే సమయంలో ఉంది. ఎంఏఎఫ్ సిగ్నల్‌ని ఈసీయూ పెట్రోల్ లెక్కకి ఒక్కదానికే వాడదు. వచ్చే గాలిని ఆర్‌పీఎంతో భాగిస్తే లోడ్ వస్తుంది. ఇగ్నిషన్ మ్యాప్‌లో (స్పార్క్ టైమింగ్ పట్టికలో) ఏ వరుస చదవాలో ఆ లోడే చెబుతుంది. మీరు 20 శాతం తగ్గించి చూపించారు కాబట్టి, ఇంజన్ నిజంగా ఎంత భారం మోస్తోందో దానికి తెలియదు. తక్కువ లోడ్ వరుసకి వెళ్లి స్పార్క్‌ని ముందుకు జరుపుతుంది. సిలిండర్‌లో గాలి మాత్రం ఫ్యాక్టరీ అనుకున్న దానికంటే ఎక్కువ ఉంది, పైగా బూస్ట్ పెంచారు. నాక్ సెన్సర్ చూసి ఈసీయూ టైమింగ్‌ని వెనక్కి లాగుతూ ఉంటుంది కానీ దానికీ ఒక హద్దు ఉంటుంది.

నా పాత కారులో సరిగ్గా ఇదే జరిగింది. పాత ఇంజెక్టర్లతో బాక్స్ లేకుండా ఒకసారి, పెద్ద ఇంజెక్టర్లతో బాక్స్ ఆన్‌లో ఒకసారి లాగ్ తీసి పక్కపక్కన పెట్టాను. రెండింట్లో ఏఎఫ్ఆర్ గీతలు దాదాపు ఒకటే, టైమింగ్ మాత్రం 5000 దగ్గర 4, 5 డిగ్రీలు తేడా. మీరూ ఒక్కసారి టైమింగ్ లాగ్ తీయండి, ఏఎఫ్ఆర్ ఒక్కటే చూస్తూ కూర్చోవద్దు.

గ్యారేజ్_సాయంత్రం:
ఆ 20 శాతం దేని మీద పెట్టారు, వోల్టేజ్ మీదా గాలి మీదా? హాట్ వైర్ ఎంఏఎఫ్‌లో వోల్టేజ్, గాలి నేరుగా కలిసి నడవవు. 4 వోల్ట్లని 3.2 చేస్తే గాలి లెక్క సగం కంటే కిందికి కూడా పడిపోవచ్చు. మీ మీటర్ 11.6 చూపిస్తోంది కాబట్టి గాలి మీదే అయ్యుండాలి. కొత్తగా చదివేవాళ్ల కోసం చెబుతున్నాను, ఒక బాక్స్‌లో శాతం అంటే ఒకటి, ఇంకో బాక్స్‌లో ఇంకొకటి. సెట్టింగ్ ముట్టుకునే ముందు తెలుసుకోండి.

అలాగే ఫ్రీక్వెన్సీ ఇచ్చే సెన్సర్లు, ఉదాహరణకి కొన్ని పాత మిత్సుబిషిల్లోని కార్మన్ వోర్టెక్స్ రకం, ఉన్న కార్లకి వోల్టేజ్ మార్చే బాక్స్ పనికిరాదు.

బూస్ట్_ప్రయాణి:
గాలి మీదేనండి, సెన్సర్ కర్వ్ బాక్స్‌లో ఉంది. టైమింగ్ లాగ్ తీయలేదు, ఈ కోణం నాకు తట్టనే లేదు. బూస్ట్ 0.7కి దించాను. ఐడిల్ ఎందుకు ఊగుతోంది మరి?

పిస్టన్99:
ఇంజెక్టర్ డెడ్ టైమ్. కరెంట్ అందాక సూది తెరుచుకోవడానికి ఒక మిల్లీసెకన్ అటూ ఇటూ పడుతుంది. ఐడిల్‌లో మొత్తం పల్సే 2 మిల్లీసెకన్ల చుట్టూ ఉంటుంది కాబట్టి, కొత్త ఇంజెక్టర్ డెడ్ టైమ్ పాతదానికి కొంచెం తేడా ఉన్నా మిశ్రమం బాగా మారిపోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో పల్స్ పొడుగు, అక్కడ ఆ తేడా కనిపించదు. ఎంఏఎఫ్ సిగ్నల్ ఎంత తిప్పినా ఇది పూర్తిగా సరికాదు. పైగా ఐడిల్‌లో, క్రూజ్‌లో ఈసీయూ క్లోజ్డ్ లూప్‌లో ఉంటుంది. మీరు సిగ్నల్ ఎటు జరిపినా ఆక్సిజన్ సెన్సర్ చూసి దాన్ని వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ వెనక్కి తెచ్చుకున్నదే మీకు ట్రిమ్‌లో కనిపిస్తున్న మైనస్ 14. ట్రిమ్ దాని హద్దు దాటితే పీ0172 (మిశ్రమం మరీ రిచ్) కోడ్ వస్తుంది.

నిశ్శబ్ద_ఇంజన్:
ఎంఏఎఫ్ లేని, మ్యాప్ సెన్సర్‌తో (ఇన్‌టేక్ ప్రెషర్ కొలిచేది, పైన చెప్పిన ఇగ్నిషన్ మ్యాప్ కాదు) నడిచే కార్లలో కొందరు ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ వైరులో రెసిస్టర్ పెడతారు. గాలి చల్లగా ఉందనుకుని ఈసీయూ ఎక్కువ పెట్రోల్ పోస్తుందని ఆశ. నేనూ పెట్టాను. ఒక పిస్టన్ రింగ్ ల్యాండ్ (రింగుల గాడుల మధ్య ఉండే అంచు) విరిగింది. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

సెన్సర్ ఎన్‌టీసీ రకం, వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. నాదానిలో 20 డిగ్రీల దగ్గర 2.5 కిలో ఓమ్‌లు, 40 దగ్గర 1.2, 80 దగ్గర 0.32. దీనికి వరుసలో 1.3 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కలిపాను. 40 డిగ్రీల గాలి 20లా కనిపించింది, అదే నాకు కావలసింది అనుకున్నాను. కానీ వరుసగా కొన్ని రన్‌లు లాగాక ఇంటర్‌కూలర్ వేడెక్కి ఇన్‌టేక్ గాలి 80కి చేరితే, ఈసీయూకి కనిపించేది 31. దాదాపు 50 డిగ్రీల అబద్ధం! ఎప్పుడైతే అది టైమింగ్ వెనక్కి తీసి ఇంజన్‌ని కాపాడాలో, సరిగ్గా అప్పుడే చల్లగా ఉందనుకుని నిశ్చింతగా ఉంది. ఆ రెసిస్టర్ ఇప్పటికీ టూల్ బాక్స్‌లో దాచుకున్నాను. దయచేసి ఎవరూ ఈ పని చేయకండి.

వేడిగాలి:
ఫ్యూయల్ కట్ (గాలి హద్దు దాటితే ఈసీయూ పెట్రోల్ ఆపేయడం) రాకుండా సెన్సర్ వోల్టేజ్‌ని ఒక చోట ఆపేసే క్లాంప్‌లు కూడా అంతే. గాలి పెరుగుతూనే ఉంటుంది, ఈసీయూ లెక్క ఆగిపోతుంది, పెట్రోల్ అక్కడే నిలిచిపోతుంది. ఫుల్ బూస్ట్‌లో లీన్ (పెట్రోల్ తక్కువ) అవుతుంది.

గ్యారేజ్_సాయంత్రం:
వైడ్‌బ్యాండ్‌ని కూడా ఒకసారి అనుమానించండి. దాని ముందు ఎగ్జాస్ట్ లీక్ ఉంటే లీన్‌గా చూపించవచ్చు. దాని సెన్సర్ టర్బో తర్వాత ఎగ్జాస్ట్ డౌన్‌పైప్‌లో, నీళ్లు చేరకుండా పైవైపు వంచి ఉండాలి. లాగర్‌కి అనలాగ్ వైరు తీసుకుంటే గ్రౌండ్ రెండింటికీ ఒకే చోట కట్టండి. 0 నుంచి 5 వోల్ట్లు అంటే 10 నుంచి 20 ఏఎఫ్ఆర్ అయ్యే మీటర్‌లో 0.1 వోల్ట్ తేడా వస్తే 0.2 ఏఎఫ్ఆర్ తప్పు వచ్చినట్టే. పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటే స్టాయిక్ (గాలి, పెట్రోల్ రెండూ మిగలకుండా కాలే నిష్పత్తి) 14.7 ఉండదు, ఈ10కి 14.1 చుట్టూ ఉంటుంది. అందుకే నేను లాంబ్డాలోనే (స్టాయిక్‌ని 1గా తీసుకునే కొలత) చదువుతాను, ఫుల్ థ్రాటిల్‌కి 0.80 చుట్టూ చూసుకుంటాను.

బూస్ట్_ప్రయాణి:
మూడు వారాల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. డైనో (కారుని నిలబెట్టి ఇంజన్‌ని పరీక్షించే యంత్రం) మీద లాగ్ తీయించాను. వేడిగాలి గారు చెప్పినట్టే, 4800 దగ్గర టైమింగ్ పాత మ్యాప్ కంటే 5 డిగ్రీలు ముందు ఉంది. రిచ్ చేసి నెట్టుకొద్దామన్న ఆలోచన మానేశాను. బాక్స్ పీకేసి, ఎంఏఎఫ్ వైరు తిరిగి నేరుగా సోల్డర్ చేసి, ఈసీయూని రీఫ్లాష్ చేయించాను (లోపలి ప్రోగ్రామ్ మార్పించాను). ఇంజెక్టర్ సైజు 550 అని, డెడ్ టైమ్ టేబుల్ కొత్త ఇంజెక్టర్ డేటా ప్రకారం పెట్టారు. లోడ్ ఇప్పుడు నిజమైనది కాబట్టి పై వరుసల టైమింగ్ సరిగ్గా తగ్గింది.

ఐడిల్ ట్రిమ్ మైనస్ 2. నాకింగ్ ఒక్క కౌంట్ కూడా లేదు. ఏఎఫ్ఆర్ మాత్రం అదే 11.7. కంప్రెషన్ టెస్ట్ చేయించాను, నాలుగు సిలిండర్లూ సమానంగా ఉన్నాయి.

నిశ్శబ్ద_ఇంజన్:
నాలుగూ సమానం అన్న మాట చదివి ప్రాణం లేచొచ్చింది తమ్ముడూ. 1 బార్‌కి వెళ్లే ముందు ఇంజెక్టర్ డ్యూటీ సైకిల్ (తెరిచి ఉండే సమయం శాతం) కూడా చూసుకో, 85 శాతం దాటనివ్వకు.