పాత తరం హెవీవెయిట్లు ఈనాటి వాళ్ల ముందు నిలబడగలరా?

పాతరీలు

రెండు వారాలుగా రాత్రిళ్లు కూర్చుని పాత బాక్సింగ్ పోటీలు వరసగా చూస్తున్నాను. డెంప్సీ, జో లూయీ, మార్సియానో, అలీ, ఫోర్‌మన్, ఆ తరువాత క్లిచ్కో సోదరులు, ఫ్యూరీ, ఉసిక్. చూసినకొద్దీ ఒకటే ప్రశ్న వేధిస్తోంది. 49 పోటీలు ఆడి ఒక్కటీ ఓడని రాకీ మార్సియానో ఎత్తు అయిదడుగుల పది అంగుళాలు, బరువు దాదాపు 84 కిలోలు. టైసన్ ఫ్యూరీ ఎత్తు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. చేతులు బార చాపితే మార్సియానోకి 68 అంగుళాలు, ఫ్యూరీకి 85. దాదాపు మూరెడు తేడా!

నేను మార్సియానో అభిమానిని, దాచుకోను. 1952లో ఫిలడెల్ఫియాలో అప్పటి ఛాంపియన్ వాల్కాట్‌తో పోటీలో మొదటి రౌండ్‌లోనే కింద పడ్డాడు. పన్నెండు రౌండ్లు గడిచేసరికి పాయింట్లలో వెనకబడి ఉన్నాడు. పదమూడో రౌండ్‌లో ఒక్క కుడిచేతి దెబ్బతో ఆట ముగించాడు. అంత గుండె ఉన్నవాడు ఏ కాలంలోనైనా గెలుస్తాడని నా నమ్మకం. రింగులో దిగినవాళ్లు, దగ్గరి నుంచి చూసినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

గాజువాక బాక్సర్

పాతరీలు గారూ, గుండె సంగతి కాదనను. కానీ బరువు ఏం చేస్తుందో నా మెడకు తెలుసు.

విశాఖలో కొన్నేళ్లు 75 కిలోల విభాగంలో ఆడాను. ఒకరోజు నా జోడీ రాకపోవడంతో కోచ్ నన్ను 96 కిలోల మనిషితో స్పారింగ్‌కి, అంటే సాధన పోటీకి, దింపారు. అతని దెబ్బకు భయపడుతూ దిగాను. తీరా చూస్తే దెబ్బలు చాలావరకు తప్పించుకోగలిగాను, అతని కంటే నేనే చురుకు. కానీ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ అతను చెయ్యి నా మెడ వెనక వేసి, గడ్డం నా భుజం మీద ఆనించి, ఊరికే వాలేవాడు. కొట్టేవాడు కాదు, వాలేవాడు, అంతే. తడిసిన బనియను నా ముఖానికి అతుక్కుని ఊపిరి ఆడేది కాదు. విడిపించుకుని వెనక్కి జరిగేసరికి నా మోకాళ్లలో సత్తువ సగం పోయేది. రెండో రౌండ్ చివరికి పిక్కలు వణకడం మొదలైంది. మూడో రౌండ్‌లో ఆ చురుకంతా ఎక్కడికి పోయిందో తెలియదు, ఎదురుగా వచ్చిన మామూలు జాబ్‌ని, అంటే ముందు చేత్తో సూటిగా వేసే చిన్న దెబ్బని కూడా తప్పించుకోలేకపోయాను. మర్నాడు బస్సులో కండక్టరు పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పాను.

21 కిలోల తేడాకే ఇది. 2020లో వైల్డర్‌తో రెండో పోటీలో ఫ్యూరీ చేసిందీ ఇదే. దాదాపు 124 కిలోలతో వచ్చి, 105 కిలోల వైల్డర్ మీద వాలి వాలి, ఏడో రౌండ్‌కి ఆట కట్టించాడు. 84 కిలోల మార్సియానో లోపలికి దూసుకెళ్లి కొట్టే రకం. అంటే ఫ్యూరీ ఎక్కడ వాలాలనుకుంటాడో సరిగ్గా అక్కడికే తనంతట తాను వెళ్తాడు.

తూనికరాయి

హెవీవెయిట్ అనే మాట దగ్గరే మనం పొరబడుతున్నాం. ఆ విభాగానికి కింది హద్దు ఉంది కానీ పై హద్దు లేదు. ఇప్పుడు ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో 200 పౌండ్ల వరకు, అంటే 90.7 కిలోల దాకా, క్రూయిజర్‌వెయిట్. ఆ లెక్కన మార్సియానో, డెంప్సీ, జో లూయీ తమ మంచి రోజుల్లో క్రూయిజర్‌వెయిట్లే. వాళ్లను ఈ కాలానికి తీసుకొస్తే ఏ కోచ్ అయినా ముందు ఆ విభాగంలోనే ఆడిస్తాడు.

అయితే వాళ్లు పెద్ద మనుషుల్ని కొట్టలేదా అంటే, కొట్టారు. 1919 జూలై 4న టొలీడోలో డెంప్సీ 85 కిలోలతో, 111 కిలోల జెస్ విల్లార్డ్‌ని మొదటి రౌండ్‌లోనే ఏడుసార్లు పడగొట్టాడు. 1935లో లూయీ దాదాపు 118 కిలోల ప్రిమో కార్నెరాని ఆరో రౌండ్‌లో ముగించాడు.

హ్యూస్టన్ నుంచి

టొలీడో పోటీ ఫిల్మ్ ఒకసారి జాగ్రత్తగా చూడండి. విల్లార్డ్ చెయ్యి నేలకు ఆనించి లేస్తుంటాడు, డెంప్సీ పక్కనే నిలబడి ఉంటాడు. మోకాలు నేల విడిచిందో లేదో, దెబ్బ పడుతుంది. అప్పటికి అది తప్పు కాదు. పడగొట్టినవాడు దూరంగా మూలకు వెళ్లాలన్న నియమం తరువాత వచ్చింది. 1927లో టన్నీతో పోటీలో ఆ నియమమే డెంప్సీ కొంప ముంచింది. వెంటనే మూలకు వెళ్లకపోవడంతో రిఫరీ పది దాకా పెట్టే లెక్క ఆలస్యంగా మొదలుపెట్టాడు, టన్నీ తేరుకుని లేచాడు.

కాబట్టి పోటీ ఎవరి నియమాల కింద అన్నది ముందు తేలాలి. అలీ రోజుల్లో 15 రౌండ్లు, ఇప్పుడు 12. అప్పుడు 8 ఔన్సుల గ్లోవ్స్, ఇప్పుడు 10 ఔన్సులవి. 130 కిలోలకు దగ్గరైన మనిషిని 15 రౌండ్లు పరుగెత్తిస్తే చివరి మూడు రౌండ్లు ఎలా ఉంటాయో ఊహించండి.

ఇక నా ఊరి మనిషి జార్జ్ ఫోర్‌మన్ గురించి చెప్పకుండా ఉండలేను. ఊహలతో పని లేకుండా రెండు కాలాల్నీ తన ఒంటితో కొలిచిన మనిషి ఆయన. 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో అలీ చేతిలో ఓడినప్పుడు వయసు 25. తరువాత పదేళ్లు రింగు వదిలి మతబోధకుడుగా ఉన్నాడు. తిరిగి వచ్చి 1991లో 42 ఏళ్ల వయసులో హోలీఫీల్డ్‌తో పన్నెండు రౌండ్లూ నిలబడ్డాడు. 1994 నవంబర్ 5న లాస్ వేగస్‌లో 26 ఏళ్ల మైకేల్ మూరర్‌ని పదో రౌండ్‌లో పడగొట్టి 45 ఏళ్లకు మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. తొమ్మిది రౌండ్లు మూరర్ చేతిలో దెబ్బలు తింటూ ముందుకే నడిచాడు. ఆ పోటీ చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ముసలితనంలో ఆ పని చేసినవాడు పాతికేళ్ల వయసులో ఏం చేసేవాడో!

మద్రాసు మనిషి

నేను అలీని కళ్లారా చూశాను. 1980లో ఆయన మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడారు. అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. దూరం నుంచే అయినా నాకు బలంగా గుర్తున్నది ఆయన భుజాల వెడల్పు. ఫొటోల్లో నాజూగ్గా కనిపించే మనిషి కాదు ఆయన. పాత కాలం అనగానే అందరూ చిన్న మనుషులు అనుకోకండి. కిన్షాసాలో అలీ బరువు 98 కిలోలు, ఫోర్‌మన్ 100 కిలోలు.

అదే ఏడాది అక్టోబర్‌లో ల్యారీ హోమ్స్ ఆయన్ని చిత్తుగా ఓడించాడు. పేపర్లో ఆ ఫొటో చూసి రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. కానీ ఈ చర్చకు ఆ హోమ్సే పనికొస్తాడు. అతను 1992లో 42 ఏళ్ల వయసులో, అప్పటివరకు ఓటమి ఎరగని రే మెర్సర్‌ని పాయింట్ల మీద ఓడించాడు. ఆ మెర్సరే 1996లో లెనాక్స్ లూయిస్‌కి చెమటలు పట్టించి, చివరికి స్వల్ప తేడాతో ఓడాడు. ఆ లూయిస్ 2003లో విటాలీ క్లిచ్కోని ఆపాడు. గొలుసు ఎక్కడా తెగలేదు చూడండి.

తూనికరాయి

పెద్దవారు, మీ మాట కాదంటున్నానని అనుకోవద్దు. కానీ గొలుసు లెక్క బాక్సింగ్‌లో నిలవదు. ఫ్రేజియర్ 1971లో అలీని ఓడించాడు. ఫోర్‌మన్ 1973లో ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. అలీ 1974లో ఫోర్‌మన్‌ని పడగొట్టాడు. ముగ్గురిలో ఎవరు గొప్ప? ఆడే తీరు కలిసిందా లేదా అన్నదే అసలు లెక్క.

కంప్యూటర్‌కి కూడా ఇది తేల్చడం చేతకాలేదు. 1969లో మార్సియానో, అలీ కలిసి కెమెరా ముందు ఉత్తుత్తి పోటీ ఆడారు, ఫలితాన్ని కంప్యూటర్ లెక్కగట్టిందని చెప్పారు. కొద్దికాలానికే మార్సియానో విమాన ప్రమాదంలో చనిపోయాడు, ఫలితం చూసుకోలేదు. 1970 జనవరిలో అమెరికా ప్రేక్షకులకు మార్సియానో పదమూడో రౌండ్‌లో గెలిచినట్టు చూపించారు. ఐరోపాలో అలీ గెలిచినట్టు చూపించారు.

గాజువాక బాక్సర్

మద్రాసు పెద్దాయన చెప్పిన దాంట్లో నాకు నచ్చింది గొలుసు కాదు, 98 కిలోలు. అలీ ఎత్తు ఆరడుగుల మూడు అంగుళాలు, చేతుల చాపు 78 అంగుళాలు. ఉసిక్‌వి కూడా సరిగ్గా అవే కొలతలు! 2024 మే 18న రియాద్‌లో ఉసిక్ 101 కిలోలతో దిగి, దాదాపు 119 కిలోల ఫ్యూరీని ఓడించాడు. డిసెంబర్‌లో మళ్లీ ఓడించాడు.

ఎలా అంటే, వాలనివ్వలేదు. మే పోటీ మొత్తం నేను ఉసిక్ పాదాలే చూశాను. కొట్టిన చోట ఒక్క క్షణం కూడా నిలవడు, ఫ్యూరీ చెయ్యి మెడ దాకా వచ్చేసరికి అక్కడ మెడ ఉండదు. తొమ్మిదో రౌండ్‌లో ఫ్యూరీని తాళ్ల మీదికి తోసి కొట్టినప్పుడు మాత్రమే దగ్గర నిలబడ్డాడు. నేను ఆ రోజు స్పారింగ్‌లో చేయలేకపోయింది అదే.

1966, 67 నాటి అలీ కాళ్లు ఉసిక్ కాళ్ల కంటే వేగం. అందుకే అలీ ఈ కాలంలోనూ ఛాంపియనే అంటాను. యువ ఫోర్‌మన్, హోమ్స్ కూడా ఎవరికీ తీసిపోరు. జో లూయీ దగ్గర నాకు కొంచెం అనుమానం, ఆయన కాళ్లు నిదానం, చేతులు మాత్రం అద్భుతం. మార్సియానోకి క్రూయిజర్‌వెయిట్‌లో ఎదురుండదు. ఫ్యూరీ ముందుకు మాత్రం పంపవద్దు, నాకు మనసొప్పదు.

పాతరీలు

బాధగానే ఒప్పుకుంటున్నాను. మార్సియానో వాల్కాట్‌ని కొట్టినప్పుడు వాల్కాట్ వయసు 38, బరువు 89 కిలోలు. అభిమానంలో ఆ లెక్క పక్కన పెట్టేశాను.

గాజువాక గారు మెడ గురించి రాసిన తరువాత కిన్షాసా పోటీ మళ్లీ చూశాను. అలీ తాళ్లకు ఆనుకుని ఫోర్‌మన్ దెబ్బలన్నీ చేతుల మీద కాచుకుని అలిసిపోయేలా చేశాడని ఇన్నేళ్లుగా విన్నాను, నేనూ పదిమందికి చెప్పాను. ఈసారి దెబ్బలు వదిలేసి అలీ ఎడమ చెయ్యి ఎక్కడ ఉందో మాత్రమే చూస్తూ కూర్చున్నాను. ఫోర్‌మన్ లోపలికి వచ్చిన ప్రతిసారీ ఆ చెయ్యి అతని మెడ వెనక పడుతోంది, తల కిందికి వంగుతోంది. తాళ్ల దగ్గర జరుగుతున్నదంతా అలీ దెబ్బలు తినడం అనుకున్నాను. ఫోర్‌మన్ మెడ మీద బరువు పడుతున్నట్టు నాకు ఎప్పుడూ కనబడలేదు.

గాజువాక బాక్సర్

ఇప్పుడు 1974 జనవరి 28 నాటి అలీ, ఫ్రేజియర్ రెండో పోటీ కూడా అదే కంటితో చూడండి. ఫ్రేజియర్ ఎడమ హుక్, అంటే పక్క నుంచి వంపుగా వచ్చే దెబ్బ, ఎందుకు పేలలేదో తెలుస్తుంది.