అప్‌డేట్: గోల్డెన్ వాటిల్ గింజలు మొలిచాయి!

గోల్డెన్ వాటిల్ (పసుపు పూలు పూసే ఆస్ట్రేలియా తుమ్మజాతి చెట్టు) గింజలు నాటి నెలన్నర అయినా ఒక్కటీ మొలవలేదని అడిగాను కదా. మీరు చెప్పినట్టే మిగిలిన 20 గింజలను కప్పులో వేసి, మరిగించి దించిన నీళ్లు పోసి రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి 13 గింజలు బాగా ఉబ్బాయి. ఉబ్బనివాటికి మళ్లీ వేడినీళ్లు పోశాను. పైపెంకు అంత గట్టిది మరి. ఆస్ట్రేలియా అడవుల్లో దాన్ని ఎక్కువగా తెరిచేది కార్చిచ్చు వేడే.

పదకొండో రోజుకు మొలకలొచ్చాయి. కానీ ఆకులు చూసి టెన్షన్ పడ్డాను. కొడవలిలా ఉండాల్సినవి చింతాకుల్లా వచ్చాయి! వేరే గింజలు నాటానేమో అనుకున్నాను. కొన్ని ఆకుల తర్వాత ఒకదాని కాడ వెడల్పుగా చదునై, దాని కొసన చిన్న చింతాకు ఇంకా వేలాడుతూ కనిపించింది. పెద్ద చెట్టు మీద మనం ఆకు అనుకునేది నిజానికి ఆ కాడే. ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

నీళ్లు ఎక్కువై రెండు మొక్కలు మొదలు కుళ్లి పోయాయి, చాలా బాధేసింది. మిగతావాటిని వేళ్లు కదలకుండా, జానెడు ఎత్తులోపే నేలలో పెట్టేశాను. భాస్వరం ఉన్న ఎరువు అసలు వేయలేదు. పూత రావడానికి ఇంకా రెండు మూడేళ్లు పట్టొచ్చు. సాయం చేసిన అందరికీ థాంక్స్.