మా నాయన బతకలేదు, అయినా మొక్కు తీర్చాలా? నమ్మకం సడలినవాడు దేవుడి ముందు నిలబడొచ్చా?

శెనక్కాయ చేను (అనంతపురం)

అందరికీ నమస్కారం. మాది కదిరి పక్కన పల్లె. ఎవరి మనసూ నొప్పించాలని కాదు, నిజంగా తేల్చుకోలేక అడుగుతున్నా.

మా నాయనకు లివర్ పాడైంది. బెంగళూరులో ఆస్పత్రికి తిప్పినాం. ఆ రోజుల్లో అమ్మ కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది, మనిషి తన కాళ్ల మీద ఇంటికి నడిచొస్తే ఒంటి మీద బంగారం నిలువుదోపిడి ఇస్తానని. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టి దేవుడి గూట్లో దీపం వెనకాల పెట్టింది. ఆయన నడిచి రాలేదు. అంబులెన్సులో వచ్చాడు.

ఏడాది దినం పోయిన నెలలో చేసినాం. ఏటి మైల తీరింది కాబట్టి ఈసారి రథానికి కదిరి పోయి మొక్కు చెల్లిద్దామని అమ్మ పట్టుబట్టింది. ఆమె దగ్గర మిగిలిందల్లా ఒక జత కమ్మలు, రెండు గాజులు. వైద్యానికి బ్యాంకులో కుదువ పెట్టి, ఈ మధ్యే విడిపించుకున్నాం. జూన్‌లో విత్తనం కొనాలంటే మళ్లీ అవే కుదువ పెట్టాలని తమ్ముడి లెక్క.

కోరిక తీరితే ఇస్తానన్న మొక్కును, తీరకపోయినా ఎందుకివ్వాలి? ఇది ఒక సంగతి. రెండోది నన్ను ఇంకా తినేస్తోంది. నాకిప్పుడు నమ్మకం లేదు. కదిరి గుళ్లో స్వామి పక్కన ప్రహ్లాదుడు చేతులు జోడించి ఉంటాడు. ఆ పిల్లవాడు పిలిస్తే స్తంభం పగిలింది. మేమూ పిలిచినాం. ఇంట్లోకి వచ్చినవాళ్లంతా "దేవుడి మీద భారం వేసి నమ్మకం పెట్టుకో" అని పోతున్నారు. ఉన్న నమ్మకమైతే పెట్టుకుంటాను, లేనిదాన్ని ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? ఇట్లాంటి మనసుతో గుడికి పోయి దండం పెడితే అది అమ్మను మోసం చేయడం కాదా?

పాత మేష్టారు (ప్రొద్దుటూరు)

నాయనా, మీ నాన్నగారి విషయం చదివి చాలా బాధపడ్డాను.

మొక్కును వ్యాపారంగా చూడకండి. "నువ్వు అది చేస్తే నేను ఇది ఇస్తా" అనేది పైకి కనిపించే రూపం. ఆ తల్లి ఆ రోజు చేసింది తన చేతుల్లో లేని ప్రాణాన్ని ఇంకొకరి చేతుల్లో పెట్టడం. ఫలితం ఎలా వచ్చినా పెట్టిన చేతులు మారవు. 1876–78 ధాత కరువులో మన సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ కరువులో బతికి బయటపడ్డవాళ్ల మనవలమే మనం. వాళ్లు వాన పడనందుకు దేవుణ్ణి వదిలేసి ఉంటే ఈ రోజు మన ఊళ్లలో ఒక్క గుడి దీపమూ ఉండేది కాదు.

ఇక అనుమానం గురించి. మొసలి పట్టుకున్న ఏనుగును పోతన ఎలా మాట్లాడించాడో గుర్తు చేసుకోండి (ఒంటిమిట్ట వాళ్లు పోతన మావాడే అంటారు, నేనూ ఆ పక్షమే). "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటుంది. ఉన్నాడు ఉన్నాడు అంటారే, అసలు ఉన్నాడా లేడా అని. ఆ పద్యం వైకుంఠంలో కదలిక రాకముందే ఉంది. అంటే అనుమానపడ్డ నోటి మొరనే ఆయన విన్నాడు. మీరు గుడికి వెళ్లడానికి నమ్మకం నిండా ఉండాల్సిన పనిలేదు.

తాడిపత్రి హేతువాది

మేష్టారూ, మీ మీద గౌరవంతోనే అడ్డం చెబుతున్నా. ఏనుగును రక్షించాడు కాబట్టి ఆ కథ మనదాకా వచ్చింది. రక్షణ దొరకనివాళ్ల కథ ఎవరు రాస్తారు?

2021 నవంబర్ 19 కార్తీక పౌర్ణమి. రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట, గుండ్లూరు మునిగాయి. ఆ తెల్లవారుజామున దీపాలు పెట్టడానికి శివాలయానికి పోయినవాళ్లు కొట్టుకుపోయారు. వాళ్ల నమ్మకంలో లోటు ఏమైనా ఉందా? పౌర్ణమి చలిలో తలస్నానం చేసి తడిబట్టలతో వెళ్లిన మనుషులు వాళ్లు. ప్రాజెక్టు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర జలశక్తి మంత్రే రాజ్యసభలో చెప్పారు. గేటు గురించి అడగాల్సిన చోట "దైవ నిర్ణయం" అన్న మాట వినిపిస్తే నాకు కడుపు మండుతుంది. నమ్మకం పెట్టుకో అనే మాట చాలాసార్లు బాధ్యుల్ని కాపాడటానికే పనికొస్తోంది.

తమ్ముడూ, షరతు తీరలేదు, అప్పు లేదు. మీ అమ్మ కమ్మలు మీ అమ్మకే ఉండనీ. కదిరికి దగ్గర్లోనే కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. పైపై పూజలను అంతగా నిలదీసిన మనిషిని ఈ సీమ జనం నెత్తిన పెట్టుకున్నారు. ప్రశ్నించడం మన నేలకు కొత్త కాదు.

కడప గడప

అన్నా, ముందుగా మీ నాయనకు దువా.

మాలోనూ మొక్కు ఉంది, మన్నత్ అంటాం. పని జరిగితే ఇస్తానన్నప్పుడు పని జరగకపోతే ఆ బాకీ ఉండదని మా పెద్దలు చెబుతారు. కాబట్టి బాకీ దగ్గర హేతువాది అన్నతో నాకు పేచీ లేదు. మిగతాది వేరు.

ఒంటిమిట్టలో ఇమాం బేగ్ బావి చూశారా? కడప నవాబు దగ్గర పనిచేసిన ఇమాం బేగ్, మీరు పిలిస్తే రాముడు పలుకుతాడా అని అక్కడివాళ్లను అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడన్నారట. మూడుసార్లు పిలిచాడు, మూడుసార్లూ "ఓ" అని బదులొచ్చిందట. తర్వాత గుడి నీళ్ల కోసం బావి తవ్వించాడు. అది జరిగిందా లేదా అనే వాదనకు నేను రాను. నాకు ఆ కథలో నచ్చేది ఒకటే. ఆయన అనుమానంతోనే పిలిచాడు, పరీక్షించడానికే పిలిచాడు. పరీక్షించినందుకు దేవుడికి కోపం వచ్చిందని ఈ జిల్లాలో ఏ ముసలవ్వా చెప్పదు. ఉగాదికి దేవుని కడప గుడికి మా ఇళ్లనుంచి టెంకాయ పట్టుకుని పోతాం, అక్కడా మమ్మల్ని ఎవరూ నీ నమ్మకం ఎంత అని అడగరు.

సబర్, అంటే ఓర్పు, నోరు మూసుకోవడమే అని చాలామంది అనుకుంటారు. మా ప్రవక్తల్లో ఒకరైన యాకూబ్ నబీ కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్నాడు. నా దుఃఖం అల్లాకే మొరపెట్టుకుంటున్నా అన్నాడు. ఆయన్ని మేం ఓర్పు లేనివాడని అనం.

వార్డు సిస్టర్ (కర్నూలు)

తమ్ముడూ, నేను నర్సును. రాత్రి డ్యూటీలో రోజూ చూసేది చెబుతా. ఐసీయూ బయట కటకటాల పక్కన చాపలేసుకుని పడుకుంటారు. విజిటింగ్ టైమ్‌లో చుట్టాలు వస్తారు, బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు అరటిపండ్లు చేతిలో పెట్టి "దేవుడున్నాడు, ధైర్యంగా ఉండు" అని వెళ్లిపోతారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. కానీ వాళ్లు వెళ్లాక ఆ మనిషి ముఖం చూడాలి. అప్పటిదాకా బిడ్డ పోతాడేమోనని ఒక్క భయమే ఉంటుంది. ఇప్పుడు నా నమ్మకం చాలక పోతాడేమోనని ఇంకో భయం చేరుతుంది. ఒకామె నా చెయ్యి పట్టుకుని, "సిస్టర్, నాకు పొద్దున ప్రార్థనలో మనసు నిలవలేదు, అందుకేనా బీపీ పడిపోయింది?" అని అడిగింది. మందు డోసు మార్చినందుకు పడిపోయిందని చెప్పి, మానిటర్ చూపించి, కూర్చోబెట్టాను.

మా బైబిల్లో యోబు ఉన్నాడు. పిల్లలు, ఆస్తి, ఆరోగ్యం అన్నీ పోయాయి. ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఆయనతో నేల మీద కూర్చున్నారు, ఒక్క మాటా మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. తర్వాత నోరు తెరిచి, నీలో ఏదో తప్పుంది, దేవుడు అన్యాయం చేయడు అని వాదించారు. యోబు మాత్రం తాను పుట్టిన రోజునే శపించాడు, దేవుణ్ణే జవాబు చెప్పమన్నాడు. చివరికి దేవుడు ఎవరిని తప్పుపట్టాడు? తన పక్షాన వాదించిన స్నేహితుల్ని. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి సరిగ్గా పలకలేదన్నాడు.

అందుకే నాకు గట్టిగా అనిపిస్తుంది, దేవుడితో తగువు పెట్టుకున్నవాడు ఇంకా దేవుణ్ణి వదల్లేదు. లేడని తేల్చుకున్నవాడికి కోపం దేనికి? మీరు ఇంత పొడుగు పోస్టు రాశారంటేనే ఆ మాట ఇంకా అయిపోలేదు. గోల్కొండ జైల్లో రామదాసు ఏ నగకు ఎన్ని మొహరీలు పోశాడో లెక్కలు చెప్పి రాముణ్ణి దులిపేశాడు కదా. ఆయన్ని భక్తుడనే అంటున్నాం.

తాడిపత్రి హేతువాది

సిస్టర్, ఒక మాట. "కోపం ఉందంటే నమ్మకం ఉన్నట్టే" అంటే మనిషికి బయటికి దారే ఉండదు. నమ్మితే భక్తుడు, తిట్టినా భక్తుడే. అతను నిజంగా నమ్మడం మానేసి ఉండొచ్చు. ఆ హక్కు అతనికి ఉంది. అతని బదులు మనం తేల్చకూడదు. మందు డోసు సంగతి చెప్పి మానిటర్ చూపించారు చూశారా, దానికి మాత్రం మీకు దండం.

వార్డు సిస్టర్ (కర్నూలు)

ఆ హక్కు ఉంది అన్నా, కాదనను. ఆయన నమ్మడం మానేసినా నేను ఆయన పక్కన కూర్చునే ఉంటా. నా వాదన ఆయన ఏమవ్వాలని కాదు, అనుమానం వచ్చినంత మాత్రాన ఆయన్ని గుడి బయట నిలబెట్టొద్దని.

మగ్గం గుంత (ధర్మవరం)

ఇంతమంది ఇన్ని చెప్పారు, ఆ తల్లిని ఎవరైనా అడిగారా? ఎందుకు చెల్లించాలనుకుంటోందో మీకు తెలుసా అన్నా?

మా వీధిలో నేసేవాళ్ల ఇళ్లల్లో మొక్కులన్నీ భక్తితో తీరవు. తీర్చకపోతే స్వామి కొడుకుల మీద పడతాడేమోనన్న భయంతో తీరుస్తారు. పట్టుచీర కూలి డబ్బులు రాకముందే అప్పు తెచ్చి మరీ తీరుస్తారు. ఉగ్ర నరసింహుడు కాబట్టి ఆ భయం ఇంకొంచెం ఎక్కువ. భయపడి ఇస్తుంటే మాత్రం ఇవ్వనీయకండి. ఆ భయం పోగొట్టండి. మేష్టారు గారు చెప్పిన "చేతుల్లో పెట్టడం" అయితే వేరే మాట. ముందు అడగండి.

పాత మేష్టారు (ప్రొద్దుటూరు)

అమ్మాయి చెప్పింది సబబు. భయంతో తీర్చే మొక్కును నేనూ సమర్థించను. తండ్రికి బిడ్డ భయపడి ఇచ్చేది ఏ తండ్రికీ ఇష్టం ఉండదు.

శెనక్కాయ చేను (అనంతపురం)

నిన్న రాత్రి అడిగినాను. గేదెకు మేత వేస్తా ఉంది. భయమా అమ్మా అని అడిగినా. లేదంది. స్వామి మాకేం చేస్తాడు, చేసేది చేసినాడు కదా అంది. మరి నమ్మకమా అంటే దానికీ తల అడ్డంగా ఊపింది. కాసేపటికి తనే చెప్పింది:

"మీ నాయన పానానికి బదులిస్తానన్న బంగారంరా అది. దాన్ని నేను చెవులకు ఎట్లా పెట్టుకునేది? బ్యాంకులోనుంచి తెచ్చినారు, పెట్టె తెరిచి చూసినా, పెట్టుకోబుద్ధి కాలేదు. కుదువ పెట్టి విత్తనం కొంటే ఆ పంట తినబుద్ధి కాదు. ఎక్కడ చెప్పినానో అక్కడే దించి వస్తా."

నాకు జవాబు రాలేదు. పొద్దున తమ్ముడికి చెప్పినా. వాడు కళ్లు తుడుచుకుని కూడా విత్తనం సంగతే అడిగినాడు. వాణ్ణి తప్పుపట్టలేను. వాడు అడిగేది మా అందరి తిండి.

తాడిపత్రి హేతువాది

మీ అమ్మ మాట రెండుసార్లు చదివాను. ఇక షరతు, బాకీ అనే లెక్క నేను ఎత్తను. ఆ బంగారం ఆమె ఇంట్లో ఉండకూడదు, ఒప్పుకుంటా. హుండీలోకే ఎందుకు పోవాలి అన్నది మాత్రం అడుగుతా. మీ నాయనకు వచ్చిన జబ్బే వచ్చి, డబ్బు లేక బెంగళూరు పోలేని మనిషి మీ మండలంలోనే ఉంటాడు. అతనికిస్తే ఆమె ఒప్పుకోదా? అక్కడ బదులు ఒక ప్రాణం నిలవొచ్చు.

పాత మేష్టారు (ప్రొద్దుటూరు)

మంచి పనే. కానీ స్వామికని నోటితో అన్నది స్వామికే చేరాలి. రోగికి సాయం మనం వేరేగా చేయవచ్చు, నేను నా వంతు ఇస్తాను. ఆమె దుఃఖాన్ని మన మంచి పనికి మళ్లించుకునే హక్కు మనకు లేదు.

కడప గడప

అన్నా, ఆమె ముందు రెండు దారులూ పెట్టండి, ఏదో ఒకటి ఆమే తేలుస్తుంది. మీ తమ్ముడి విత్తనానికి వేరే దారి వెతకాలి. రైతు సేవా కేంద్రంలో సబ్సిడీ విత్తనానికి ముందే పేరు రాయించుకోండి, ఆలస్యమైతే లైను పెరుగుతుంది.

వార్డు సిస్టర్ (కర్నూలు)

తమ్ముడూ, మీరు అడిగిన రెండో ప్రశ్న మిగిలింది, అమ్మను మోసం చేసినట్టా అని. ఆమెకు నమ్మకం ఉందని మీరు అనుకున్నారు, ఆమె లేదంది. ఇక మోసం ఎక్కడిది? ఇద్దరూ ఒకే మనసుతో పోతున్నారు. అక్కడ నిలబడి మీకు అనిపించిందే అడగండి. మా నాయన్ను ఎందుకు నడిపించలేదని అడగండి.

శెనక్కాయ చేను (అనంతపురం)

సరే అక్కా. రథం రోజు దవనం, మిరియాలు విసిరే జనంలో అమ్మ నిలబడలేదు, మోకాళ్లు నొప్పులు. అందుకని రెండు రోజులు ముందే పోతాం. నేను లోపలికి వస్తానని అమ్మకు చెప్పినా, దండం పెడతానని మాత్రం చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా.

హేతువాది అన్న చెప్పింది కూడా ఆమెకు చెప్పినా. "గాజులు వాళ్లకియ్యి, కమ్మలు స్వామికి" అంది. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు.

తాడిపత్రి హేతువాది

గాజుల సంగతి నాకు వదిలేయండి, మనిషిని వెతికి ఆస్పత్రి కాగితాలన్నీ మీ అమ్మకు చూపించే ఇప్పిస్తా. కమ్మల మీద నా అభిప్రాయం మారలేదు. మీ తమ్ముడి నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టండి, విత్తనం గురించి నేను మాట్లాడతా.