పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేస్తే గేములు ఆడొచ్చా?

ఉప్పల్_కుర్రాడు: అన్నలూ, నా సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తోంది, 8 జీబీ ర్యామే, విండోస్ బదులు లినక్స్ వేద్దామనుకుంటున్నా, వాలరెంట్ గేమ్ ఆడుతుందా?

రాత్రి_ఆటగాడు: వాలరెంట్ మర్చిపో తమ్ముడూ. దాని యాంటీచీట్ (మోసం చేసి ఆడేవాళ్లను పట్టే ప్రోగ్రామ్) వ్యాన్‌గార్డ్ లినక్స్‌లో నడవదు. మిగతావాటికి 2018లో స్టీమ్ అనే గేముల స్టోర్‌లోకి వచ్చిన ప్రోటాన్ ఉంది, విండోస్ గేమ్ డైరెక్ట్‌ఎక్స్ అనే విండోస్ గ్రాఫిక్స్ పద్ధతిలో అడిగేదాన్ని లినక్స్‌లో నడిచే వల్కన్‌లోకి మార్చి పంపుతుంది, నువ్వేం చేయక్కర్లేదు. కొనేముందు ప్రోటాన్‌డీబీ సైట్‌లో ఆ గేమ్ పేరు కొట్టి, ఆడుతుందో లేదో చూడు.

బిర్యానీ_బాస్: స్టార్‌డ్యూ వ్యాలీతో మొదలుపెట్టు. దానికి ప్రోటాన్ కూడా అక్కర్లేదు, లినక్స్ వెర్షనే ఉంది. ముందు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి హార్డ్‌డిస్క్ బదులు వేగంగా ఉండే ఎస్ఎస్‌డీ వేయించుకో.

మెట్రో_గేమర్: చేత్తో పట్టుకుని ఆడే నా స్టీమ్ డెక్‌లో ఉన్నదీ లినక్సే. మొన్న మియాపూర్‌లో మెట్రో ఎక్కి హేడీస్ ఆడుతూ అమీర్‌పేట దాటేశా, ఎల్బీనగర్‌లో తేలా!

ఉప్పల్_కుర్రాడు: సరే, శనివారం సీటీసీ. వాలరెంట్ ఫ్రెండ్ ఇంట్లో ఆడుకుంటా.