అప్‌డేట్: అమ్మ చేతి తిమ్మిరి మెడ వల్ల కాదట

బ్లౌజులు కుట్టే మా అమ్మకు రాత్రిళ్లు కుడిచెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోందని, మెడ నరమేమోనని టెన్షన్‌గా ఉందని అడిగాను కదా. చిటికెన వేలు చూడమన్నవారికి ప్రత్యేకంగా థాంక్స్. దానికి తిమ్మిరి లేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం, అంటే మణికట్టు గుండా చేతిలోకి వెళ్లే మీడియన్ నరం పరిధి వరకే.

నరాల పరీక్షలో కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ (మణికట్టు దగ్గర ఆ నరం నొక్కుకుపోవడం) అని తేలింది, మధ్యస్థంగా ఉందట. షుగర్, థైరాయిడ్ కూడా చూశారు. షుగర్ లేదు కానీ థైరాయిడ్ తక్కువగా ఉంది! "చేతికీ గొంతుకీ ఏం సంబంధమే?" అంది అమ్మ. థైరాయిడ్ తగ్గితే మణికట్టు లోపలి కణజాలం ఉబ్బి నరాన్ని నొక్కుతుందట. దానికి మాత్ర మొదలైంది.

బాగా పనిచేసింది మాత్రం రాత్రి పెట్టుకునే స్ప్లింట్, అంటే మణికట్టు వంగకుండా పట్టే పట్టీ. నిద్రలో మణికట్టు వంగితే లోపల ఒత్తిడి పెరుగుతుంది, అందుకని నిటారుగా ఉంచాలి. మెడికల్ షాపులో ఇచ్చిన మెత్తటి బ్యాండ్ దండగ, లోపల రేకు ఉన్నదే కావాలి. చెమట పడుతోందని మొదట్లో అర్ధరాత్రి విప్పేసేది. ఇప్పుడు తెల్లారేదాకా నిద్రపోతోంది.

హెమ్మింగ్, హుక్కుల పని పక్కింటి అక్కకు ఇస్తున్నాం. పెద్ద కత్తెర పట్టినప్పుడు తిమ్మిరి ఇంకా వస్తోంది. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేద్దామన్నారు. పట్టు తప్పినా, బొటనవేలి మొదట్లో కండ తగ్గినా ఆపరేషన్ వాయిదా వేయొద్దన్నారు.